ఆఫీసుకు వెళ్లే దారిలో వలస పక్షులు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి. చెన్నైలో వేళచ్చేరిలో కాపురం, షోలింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఉదయం ఏడున్నరకు కంపెనీ క్యాబ్ ఎక్కితే పళ్లికరణై చిత్తడి నేల మధ్య నుంచి వెళ్లే రేడియల్ రోడ్డు మీదుగా ఆఫీసు చేరుకుంటాను. తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుంది. ఈ మధ్య ఆ నీళ్లలో దూరంగా తెల్లటి పక్షులు గుంపులుగా కనిపిస్తుంటే అవేమిటో తెలుసుకోవాలనిపిస్తోంది. ఆఫీసు పార్కింగ్‌లో ఏసీ నీళ్లు కారే చోట బూడిదరంగు వీపు, పసుపు పొట్ట ఉన్న చిన్న పిట్ట ఒకటి తోక ఆడిస్తూ తిరుగుతోంది. అక్టోబరులో ఆకుపచ్చ వీపు, రెక్క మీద నీలం, తోక కింద ఎరుపు ఉన్న పిట్ట ఒకటి మా అద్దాల గోడకు కొట్టుకుని పడిపోతే, నోట్లో నీళ్లు పోసి కాపాడాలని చూశాం. సాయంత్రానికి చనిపోయింది. ఇద్దరు చిన్నపిల్లలున్నారు కాబట్టి ఆదివారాలు తెల్లవారకముందే లేచి చెరువుల చుట్టూ తిరిగే వీలు లేదు. ఉద్యోగం చేసుకుంటూ పక్షులను చూడడం సాధ్యమేనా? బైనాక్యులర్స్ కొనాలా? కొన్నా ఆఫీసుకు తీసుకువెళితే సెక్యూరిటీ వాళ్లు ఊరుకుంటారా?
- ఒక పాఠకురాలు, చెన్నై

సమాధానం: సాధ్యమే. పైగా మీరు అడ్డంకి అనుకుంటున్నదే, అంటే రోజూ అదే దారి, అదే వేళ, అదే పార్కింగ్ అన్నదే, ఈ పనికి అన్నిటికంటే ఎక్కువగా కలిసివస్తుంది. సెలవు రోజున చెరువు గట్టుకు వెళ్లేవారికి ఒక్క పూటలోనే ఎన్నో రకాలు కనిపించవచ్చు గానీ, నిన్న అక్కడ ఏమున్నదో, వచ్చే మంగళవారం ఏముంటుందో వారికి తెలియదు. వలస పక్షుల విషయంలో ఏది కనిపించిందన్నది ఎంత ముఖ్యమో, ఏ వారంలో వచ్చింది, ఎంతకాలం ఉంది, ఏ వారంలో వెళ్లిపోయిందన్నది అంతకంటే ముఖ్యం. అది వారానికి ఐదు రోజులు ఒకే చోటు మీదుగా పోయేవారికి తెలిసినట్టు మరొకరికి తెలియదు. కాబట్టి ఎన్ని రకాలు చూశానన్న లెక్కను ప్రస్తుతానికి పక్కన పెట్టి, దారిలో ఒక చోటు, ఆఫీసులో ఒక చోటు ఎంచుకుని, మార్చి నెలాఖరు దాకా ఆ రెండింటినే చూడండి. అందరూ చెప్పే చెరువుల పేర్లన్నీ రాసిపెట్టుకుని ఒక్కదానికీ వెళ్లలేక నిరుత్సాహపడేవారిని చాలామందిని చూశాను కనుక ఈ మాట మొదటే చెబుతున్నాను.

చెన్నైలో చలికాలపు పక్షుల రాకపోకలు ఇక్కడి వానలతో ముడిపడి ఉంటాయి. మన కావలి వైపు లాగానే ఇక్కడ కూడా పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఉత్తరాది నుంచి వచ్చే పక్షులు మాత్రం వానల కోసం ఆగవు. బురదలో ముక్కు పొడుచుకుని తినే ఉల్లంకి జాతులు ఆగస్టు నుంచే దిగడం మొదలుపెడతాయి, సెప్టెంబరులో కరెంటు తీగల మీద వానకోవెలలు వరుసకడతాయి, అక్టోబరు వచ్చేసరికి పొదల్లో చిన్న పిట్టల సందడి వినిపిస్తుంది. తరువాత వానలు ముమ్మరమై పళ్లికరణై నిండిపోతుంది. నీరు లోతుగా ఉన్నప్పుడు పొట్టికాళ్ల పక్షులకు నిలబడే చోటు ఉండదు కనుక నవంబరు చివర, డిసెంబరు మొదట్లో చూసేవారికి 'నీళ్లున్నాయి గానీ పక్షులేవీ' అనిపిస్తుంది. నిరాశపడవలసిన పని లేదు. ఆ లోతు నీళ్లలోకి బాతులు వస్తాయి. సంక్రాంతి తరువాత నీరు తగ్గుతూ బురద బయటపడే కొద్దీ, చుట్టుపక్కల చెదిరిపోయిన ఉల్లంకులు, వాటిలాగే బురదలో తిరిగే ప్లోవర్లు మళ్లీ చేరతాయి. జనవరి రెండో సగం నుంచి ఫిబ్రవరి చివరి దాకా మీ క్యాబ్ కిటికీకి మంచి కాలం. మార్చిలో ఎండ ముదిరేకొద్దీ గుంపులు పలుచబడతాయి, ఏప్రిల్ వచ్చేసరికి చాలా వరకు ఖాళీ అవుతుంది.

ఇప్పుడు మీ దారి సంగతి. పళ్లికరణై నుంచి తొరైపాక్కం వైపు వెళుతున్నప్పుడు రేడియల్ రోడ్డుకు రెండు పక్కలా చిత్తడి నేలే ఉంటుంది. క్యాబ్‌లో ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయం వైపు ఉదయిస్తాడు కనుక, ఆ వేళకు మీ ముందూ కుడివైపూ ఎండ కంటికి ఎదురు కొడుతుంది, అటువైపున్న పక్షులన్నీ నల్లటి ఆకారాలుగానే కనిపిస్తాయి. ఎడమవైపు, అంటే ఉత్తరం వైపు, ఉన్నవాటి మీద మాత్రం ఎండ చక్కగా పడి రంగులు తేటగా తెలుస్తాయి. మీ క్యాబ్‌లో కిటికీ సీటు కోసం పోటీ ఉంటే, తోటి ఉద్యోగులకు ఈ సంగతి చెప్పకుండా ఉండడమే మంచిదేమో! డిసెంబరులో ఇక్కడ సూర్యాస్తమయం 5.45 ప్రాంతంలోనే అయిపోతుంది కాబట్టి సాయంత్రపు ప్రయాణాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఇంకొక మాట: ఎప్పుడైనా మీరే స్కూటరు మీద వెళ్లవలసి వస్తే ఆ రోజు పక్షులను పూర్తిగా మరచిపోండి. ఆ రోడ్డు మీద లారీలు, కంపెనీ బస్సులు వచ్చే వేగం మీకు తెలియనిది కాదు. అలాగే రోడ్డు పక్కన బండి ఆపి దిగడం కూడా మంచిది కాదు. నిలబడి చూడాలనిపిస్తే అటవీ శాఖ ఆ రోడ్డు అంచునే ఏర్పాటు చేసిన ఎకో పార్కు ఉంది, అందులో నడిచే దారి ఉంది, పిల్లలనూ తీసుకువెళ్లవచ్చు.

మీరు చూసిన తెల్లటి పక్షులు ఒకే రకం కాకపోవచ్చు. అంత దూరం నుంచి, కదిలే బండిలోంచి, రంగును నమ్ముకుంటే అన్నీ తెల్లగానే కనిపిస్తాయి. అవి ఎలా నిలబడ్డాయి, ఏ పని చేస్తున్నాయి అన్నది చూడండి. ఒక్కొక్కటి దూరదూరంగా, మెడ నిటారుగా పెట్టి కదలకుండా నిలబడి ఉంటే అవి కొంగలు, అవి ఏడాది పొడవునా ఉండేవే. నీటి మీద బరువుగా, బోర్లించిన కుండల్లా తేలుతూ, ఒక్కసారిగా అన్నీ ఒకే దిక్కుకు తిరుగుతుంటే అవి గూడబాతులు, అంటే పెలికాన్లు. తల వంచి ముక్కును అటూ ఇటూ కొడవలితో కోసినట్టు ఆడిస్తూ ముందుకు నడుస్తుంటే తెడ్డుమూతి కొంగలు. ఇక పొడవైన కాళ్ల మీద దగ్గరదగ్గరగా నిలబడి, మెడను పూర్తిగా కిందికి వేలాడేసి తలను నీళ్లలో తలకిందులుగా పెట్టి, గుంపంతా ఒక దారిలో మెల్లగా సాగుతుంటే అవి ఫ్లెమింగోలు. దూరానికి వాటి గులాబీ రంగు తెలియదు, తెల్లగానో మాసిన తెలుపుగానో కనిపిస్తాయి. గుంపులో ఏదో ఒకటి రెక్క విప్పితే ఎర్రదనం, అంచున నలుపు ఒక్క క్షణం మెరుస్తాయి, అప్పుడిక సందేహం అక్కరలేదు. ఫ్లెమింగోలు మన దేశంలోనే గుజరాత్‌లోని కచ్ రణ్‌లో పిల్లలను చేస్తాయి. గూడబాతులు, ఎర్రమూతి కొంగలు (పెయింటెడ్ స్టార్క్‌లు) మన చుట్టుపక్కల చెరువుల చెట్ల మీదే గూళ్లు పెడతాయి. అందువల్ల మీ కిటికీలోంచి కనిపించే పెద్ద పక్షులలో చాలా వరకు దూరదేశాల నుంచి వచ్చినవి కావు. నిజంగా దూరం నుంచి వచ్చేవి చిన్నవి, మట్టి రంగువి, అంత సులువుగా కంటపడనివి.

వాటిలో ముందుగా బాతులను చూడండి. లోతు నీటి మీద గుంపుగా, నిద్రపోతున్నట్టు తల వెనక్కి తిప్పి ఉన్నవి చాలా వరకు గార్గెనీలు, పిన్‌టెయిళ్లు, షవెలర్లు అయి ఉంటాయి. గార్గెనీ మగదానికి కంటి మీద నుంచి మెడ దాకా తెల్లటి కనుబొమ గీత ఉంటుంది గానీ, చలికాలం మొదట్లో మగవీ ఆడవీ ఒకేలా గోధుమరంగులో ఉంటాయి కాబట్టి జనవరి దాకా ఆగండి. పిన్‌టెయిల్‌కు తోక సూదిలా సాగి ఉంటుంది. షవెలర్‌కు ముక్కు చివర వెడల్పుగా గరిటెలా ఉండి, దాన్ని నీటి మీదే ఆనించి ఈదుతుంటుంది. ఇవన్నీ ఒక్కసారిగా లేచి గాలిలో చుట్లు కొడుతున్నాయంటే, రెల్లు మీద తక్కువ ఎత్తులో రెక్కలను కాస్త పైకెత్తి తేలిపోతున్న పెద్ద గోధుమరంగు గద్ద కోసం వెతకండి. అది మార్ష్ హ్యారియర్, చలికాలంలో మాత్రమే ఇక్కడ ఉంటుంది. పక్షిని వెతకడం కంటే పక్షుల కలకలాన్ని గమనించడం తేలిక, క్యాబ్‌లో వెళ్లేవారికి ఇదే ఎక్కువ ఉపయోగపడుతుంది. కరెంటు తీగల మీద కూర్చున్నవాటిలో చీలిన తోకతో నల్లగా ఉన్నది పసులపోలిగాడు, ఇక్కడిదే. ముక్కు పొడవుగా, కంటి మీద నల్లగీతతో, తోక నీలంగా ఉండేది బ్లూ టెయిల్డ్ బీ ఈటర్, ఇది చలికాలపు అతిథి. పచ్చగా, చిన్నగా ఉండే బీ ఈటర్ మాత్రం ఏడాదంతా ఉంటుంది.

పళ్లికరణైకి 2022లో రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలలకు ఇచ్చే గుర్తింపు వచ్చింది, గుర్తింపు పొందిన విస్తీర్ణం 1,247 హెక్టార్లకు కాస్త పైన. ఒక అంచున పెరుంగుడి చెత్త దిబ్బ, మధ్యలో ఈ రోడ్డు, చుట్టూ అపార్టుమెంట్లు ఉన్నా, మిగిలిన నీటిలో ఇన్ని పక్షులు దిగుతున్నాయంటే ఈ తీరంలో వాటికి వేరే చోట్లు ఎంత తగ్గిపోయాయో ఊహించవచ్చు. అక్కడ పక్షులు ఎక్కువగా కనిపించినంత మాత్రాన అంతా బాగుందనుకోవడానికి లేదని నా అభిప్రాయం.

ఇక మీ పార్కింగ్‌లోని పిట్ట. మీరు రాసిన గుర్తులను బట్టి అది వ్యాగ్‌టెయిల్ జాతిది. పసుపు పొట్ట ఉన్న వ్యాగ్‌టెయిళ్లు ఇక్కడికి ప్రధానంగా రెండు వస్తాయి. గ్రే వ్యాగ్‌టెయిల్‌కు వీపు శుద్ధ బూడిదరంగు, తోక ఒంటికి మించి పొడవు, పసుపు అన్నిటికంటే గాఢంగా ఉండేది తోక మొదట్లో, కింది వైపు. యెల్లో వ్యాగ్‌టెయిల్‌కు వీపు కాస్త పచ్చదనం కలిసిన రంగులో ఉంటుంది, తోక కొంచెం పొట్టి. ఎండలో, మరకల సిమెంటు నేల మీద ఈ తేడాలు పట్టుకోవడం మొదట్లో కష్టం, అందుకని కాళ్లు చూడండి. గ్రే వ్యాగ్‌టెయిల్ కాళ్లు లేత గులాబీ రంగులో ఉంటాయి, యెల్లో వ్యాగ్‌టెయిల్‌వి నల్లగా ఉంటాయి. మీది ఏసీ నీళ్లు కారే చోట ఒంటరిగా తిరుగుతోందన్నారు కనుక గ్రే వ్యాగ్‌టెయిల్ అయ్యే అవకాశం ఎక్కువ. యెల్లో వ్యాగ్‌టెయిళ్లు పచ్చిక ఉన్న చిత్తడిలో, పశువుల కాళ్ల మధ్య, గుంపుగా తిరగడానికి ఇష్టపడతాయి. గ్రే వ్యాగ్‌టెయిల్ వేసవిలో హిమాలయాలలోని రాళ్ల వాగుల పక్కన గూడు పెట్టే పక్షి. దానికి కావలసింది పారే నీరు, తడి నేల, అక్కడ ముసిరే పురుగులు. ఆఫీసు పార్కింగ్‌లో గొట్టం కింద తడిసిన నాలుగు గజాల నేలలో అవి దొరికాయి, అంతే.

ఒక రోజు టీ తాగే వేళ దాన్ని రెండు నిమిషాలు కదలకుండా చూడండి. నాలుగడుగులు గబగబా వేసి ఆగుతుంది, ఆగిన వెంటనే తోకతో పాటు ఒంటి వెనుక భాగమంతా పైకీ కిందికీ ఊగుతుంది, తడి అంచున ఏదో కదిలితే ఒక్క గెంతులో పట్టుకుంటుంది, అప్పుడప్పుడు నిలువుగా ఎగిరి గాలిలోనే పురుగును అందుకుని అక్కడికే దిగుతుంది. కారు స్టార్ట్ చేస్తే 'చిట్-చిట్' అని గట్టిగా అంటూ అలల్లా పైకీ కిందికీ తేలుతూ ఎగిరిపోతుంది. ఆ రెండక్షరాల అరుపు చెవికి పట్టుబడితే ఇక మీరు తల తిప్పకుండానే అది వచ్చిందని తెలుసుకోవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. చెన్నైలో మేడల మీద, నీళ్ల ట్యాంకుల మీద నలుపు తెలుపు వ్యాగ్‌టెయిల్ ఒకటి ఏడాది పొడవునా పాడుతూ తిరుగుతుంది, కంటి మీద తెల్లటి కనుబొమ, గొంతు నల్లగా ఉంటాయి. దాన్ని చలికాలపు అతిథిగా రాసుకోకండి.

మీ క్యాంపస్‌లో దానితో పాటు మరి కొన్ని తప్పకుండా ఉంటాయి, మీరు ఇంకా గమనించి ఉండరు. కంచెగా పెంచిన పొదల దగ్గర నడుస్తుంటే లోపలి నుంచి ఎవరో నాలుక చప్పరించినట్టు 'చెక్... చెక్' అని వినిపిస్తే అది బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. బయటికి వస్తే ఉత్త మట్టి రంగు, ఏ గుర్తూ లేదు, బరువు పదీ పన్నెండు గ్రాములు. ఫిన్లాండ్ నుంచి రష్యా మీదుగా మధ్య ఆసియా దాకా ఉన్న ప్రాంతాలలో పిల్లలను చేసి, చలికాలమంతా మన దేశంలోని పొదల్లో గడుపుతుంది. మీ ఆఫీసు కంచె పొదలో ఉన్న ఒక్క పిట్ట అక్టోబరు నుంచి మార్చి దాకా దాదాపు అదే చోటును పట్టుకుని ఉంటుంది, కాబట్టి దానితో పరిచయం పెంచుకోవడం తేలిక. తోటమాలి ఆ పొదలను ఎప్పుడు నున్నగా కత్తిరిస్తాడో కనుక్కుని, వీలైతే ఏప్రిల్ దాకా ఆపమని అడగండి. మీ ఆఫీసు ఓఎంఆర్‌కు (పాత మహాబలిపురం రోడ్డుకు) తూర్పు వైపున, బకింగ్‌హామ్ కాలువకు దగ్గరగా ఉంటే, నల్లటి నీటి అంచున కూడా కామన్ శాండ్‌పైపర్ కనిపిస్తుంది. ఇదీ ఒంటి వెనుక భాగాన్ని ఊపేదే, కానీ పొట్ట తెల్లగా ఉండి, ఆ తెలుపు భుజం ముందుకు ఒక వంపుగా పైకి పాకుతుంది. ఎగిరేటప్పుడు రెక్కలను బిర్రుగా, కిందికి వంచి, నీటిని తాకేంత తక్కువ ఎత్తులో కొడుతుంది. కాలువ కంపు భరించి చూడవలసిన పని కనుక ముక్కుకు గుడ్డ కట్టుకోమని మాత్రం చెప్పగలను.

అక్టోబరులో మీ అద్దానికి కొట్టుకున్నది, మీరు చెప్పిన ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంగులను బట్టి పొన్నంగి పిట్ట, అంటే ఇండియన్ పిట్ట. హిమాలయాల దిగువ కొండల్లోనూ మధ్య భారతంలోనూ వానాకాలంలో గూళ్లు పెట్టి, సెప్టెంబరు, అక్టోబరు నెలలలో రాత్రిపూట ప్రయాణం చేస్తూ దక్షిణాదికి, శ్రీలంకకు వస్తుంది. రాత్రంతా ఎగిరి అలసిపోయి, నగరపు దీపాలకు దారి తప్పి, తెల్లవారేసరికి ఏదో ఒక భవనం దగ్గర దిగుతుంది. అద్దంలో చెట్టు నీడ కనబడితే అది నిజమైన చెట్టనుకుని అటే ఎగురుతుంది. ఆ దెబ్బకు తలలో గాయమవుతుంది. మీరు నీళ్లు పోయడం మంచి ఉద్దేశంతో చేసిన పనే గానీ, స్పృహ సరిగా లేని పక్షి నోట్లో నీళ్లు పోస్తే అవి శ్వాసనాళంలోకి వెళ్లే ప్రమాదం ఉంది. అయితే అది నీళ్లవల్లనే చనిపోయిందని అనుకోకండి, అంత దెబ్బ తిన్నవాటిలో చాలా వాటికి మనం ఏమి చేసినా ప్రాణం నిలవదు. ఈసారి అలాంటిది జరిగితే మెత్తటి గుడ్డతో పట్టుకుని, గాలి ఆడేలా రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో అడుగున గుడ్డ పరిచి ఉంచండి. మూత వేసి, చీకటిగా, నిశ్శబ్దంగా, ఏసీ గాలి తగలని చోట పెట్టి, తిండీ నీళ్లూ ఇవ్వకుండా గంట, రెండు గంటలు వదిలేయండి. అందరూ వచ్చి మూత తీసి ఫోనుతో ఫొటోలు తీయడం దానికి దెబ్బ కంటే తక్కువ హాని చేయదు. తరువాత పెట్టెను చెట్ల దగ్గరికి తీసుకువెళ్లి మూత తెరిస్తే, బాగుంటే అదే ఎగిరిపోతుంది. ఎగరలేకపోతే గిండీలోని అటవీ శాఖ వారికి గానీ, జంతు సంరక్షణ సంస్థ బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా వారికి గానీ అప్పగించండి.

అద్దం సంగతి మీ సంస్థ ఫెసిలిటీస్ విభాగానికి రాతపూర్వకంగా చెప్పండి. అద్దం మీద ఒక గద్ద బొమ్మ అంటిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, దానివల్ల దాదాపు ఏ ఉపయోగమూ లేదు. అద్దానికి బయటి వైపు చిన్న చుక్కలు గానీ గీతలు గానీ రెండంగుళాలకు మించని ఎడంతో వరుసగా ఉండాలి, అప్పుడే పక్షికి అది దారి కాదని తెలుస్తుంది. భవనమంతా అలా చేయించడం ఖర్చుతో కూడిన పని కాబట్టి, చెట్లకు ఎదురుగా ఉన్న కింది మూడు నాలుగు అంతస్తుల అద్దాలతో మొదలుపెట్టమని అడగండి. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా రాత్రి ఎవరూ లేని అంతస్తులలో దీపాలు ఆర్పమని కూడా అడగండి. కరెంటు బిల్లు తగ్గే మాట కనుక దీనికి ఎవరూ కాదనరు.

బైనాక్యులర్స్ విషయంలో తొందరపడవద్దు. కదిలే క్యాబ్‌లో వాటితో ఏమీ కనిపించదు, అంతా అదిరిపోయి తల తిరుగుతుంది. ఈ చలికాలం మొదటి నెల వట్టి కంటితోనే చూడండి. పార్కింగ్‌లో, పొదల దగ్గర మీకు కావలసిన దూరం అంతే. ఆసక్తి నిలబడితే 8x32 రకం కొనుక్కోండి. ఇందులో ఎనిమిది అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందన్నది, ముప్పైరెండు అంటే ముందు కటకం వ్యాసం మిల్లీమీటర్లలో. 8x42లో వెలుతురు కొంచెం ఎక్కువ వస్తుంది గానీ బరువు కూడా ఎక్కువ, ల్యాప్‌టాప్ బ్యాగులో రోజూ మోయలేరు. పదిరెట్లవి చేతి వణుకును కూడా పదిరెట్లు చేస్తాయి, మొదట్లో వద్దు. యాభై రెట్లు, నూరు రెట్లు అని రాసి చవకగా అమ్మేవాటి జోలికి అసలు పోకండి.

ఐటీ పార్కులలో ఫొటోలు తీయడం మీద సాధారణంగా నిషేధం ఉంటుంది. గార్డుకు కెమెరాకూ బైనాక్యులర్స్‌కూ తేడా చూసే తీరిక ఉండదు, అతడి మీద కోపం తెచ్చుకోవలసిన పని లేదు. ముందుగానే అడ్మిన్ విభాగానికి ఒక ఈమెయిల్ రాసి, మధ్యాహ్న భోజన విరామంలో తోటలో పక్షులను చూస్తాను, ఫొటోలు తీయను అని స్పష్టంగా చెప్పి, వారి జవాబును ఫోనులో ఉంచుకోండి. భవనాల కిటికీల వైపు ఎన్నడూ గురిపెట్టవద్దు, ఎదురు అంతస్తులో పనిచేసే వారికి అది ఎంత ఇబ్బందిగా ఉంటుందో మీకు తెలుసు. ఒక్కరే కాకుండా మరొకరిని తోడు తీసుకువెళితే అడిగేవారూ తగ్గుతారు, చూసిన పిట్ట గురించి వాదించుకోవడానికి మనిషీ దొరుకుతారు.

చూసినదాన్ని రాయడం మాత్రం మానకండి. తేదీ, వేళ, చోటు, ఏమి చూశారు, సుమారు ఎన్ని, నీరు ఎంత ఉంది అన్నది రెండు వరుసల్లో చాలు. పేరు తెలియకపోతే 'పసుపు పొట్ట, నల్ల కాళ్లు' అని రాయండి, తరువాత ఎప్పుడైనా తెలుస్తుంది. మెర్లిన్ అనే ఉచిత యాప్ పక్షి కూత విని పేరు సూచిస్తుంది. దాని మాటను సలహాగా తీసుకోండి, తీర్పుగా కాదు, ముఖ్యంగా ఓఎంఆర్ రొదలో. చూసిన పక్షులను అందరూ నమోదు చేసే ఈబర్డ్ అనే వెబ్‌సైటులో కూడా మీ జాబితాలు చేర్చవచ్చు. క్యాబ్‌లోంచి చూసినవాటిని అందులో 'ఇన్సిడెంటల్' అనే పద్ధతిలో నమోదు చేయాలి, ఎందుకంటే మీ ప్రయాణం పక్షుల కోసం చేసింది కాదు. టీ విరామంలో పదిహేను నిమిషాలు నిలబడి, గుర్తుపట్టినవన్నీ రాసిన జాబితా అయితే పూర్తి జాబితాగా ఇవ్వవచ్చు, దానికి విలువ ఎక్కువ. ఏటా ఫిబ్రవరిలో శుక్రవారం నుంచి సోమవారం దాకా జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే ప్రపంచవ్యాప్త పక్షుల లెక్కతో పాటు మన దేశంలో క్యాంపస్‌ల లెక్క కూడా ఉంటుంది. అందులో రెండు రోజులు మీకు ఆఫీసు రోజులే కాబట్టి, మీ సంస్థలో నలుగురిని కూడగట్టడానికి అది మంచి అదను. తమిళనాడులో 2015 నుంచి పొంగల్ రోజుల్లో జరుగుతున్న పొంగల్ బర్డ్ కౌంట్‌కు మాత్రం మీరు బహుశా ఊళ్లో ఉండరు.

పండక్కి కావలి వెళ్లేటప్పుడు కారులో వెళుతున్నట్టయితే, దారిలోనే మరో రెండు చోట్లున్నాయి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా పోతుంది. నీరు తక్కువగా ఉన్న చోట్ల ఫ్లెమింగోలు పళ్లికరణైలో కంటే చాలా దగ్గరగా, రంగు తెలిసేంత దగ్గరగా కనిపిస్తాయి. అక్కడి నుంచి జాతీయ రహదారి మీద నాయుడుపేట వైపు వెళితే దొరవారిసత్రం వస్తుంది, దాని పక్కనే నేలపట్టు. అక్కడ గూడబాతులు నీటిలో మునిగిన చెట్ల మీద గూళ్లు పెడతాయి, పండుగ నాటికి పిల్లలు కూడా ఉండవచ్చు. చూడడానికి బైనాక్యులర్స్ అక్కరలేదు కాబట్టి మీ పిల్లలు కూడా విసుగు లేకుండా చూస్తారు. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే పులికాట్‌ను ముందు, వీలైనంత పెందలాడే చూడండి, ఎండ ముదిరితే నీటి మీద వేడి గాలి లేచి దూరపు పక్షులు అదిరినట్టు కనిపిస్తాయి. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగే రోజుల్లో మాత్రం అటు వెళ్లకండి, పక్షుల కంటే వాహనాలే ఎక్కువగా ఉంటాయి.